ఒక్క ల్యాప్‌టాప్, నడుమ గెట్టు, రెండు వాటాలు

మొన్న ఒక పొద్దుగాల మా ఆర్మూర్‌ల ఒక పిలగాడు ల్యాప్‌టాప్ సంకల వెట్టుకొని నా కాడికి వచ్చిండు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతున్నడు. వాళ్ల నాయిన నిజామాబాద్ యార్డుల పసుపు అమ్మిన పైసల్లకెళ్లి సెకండ్‌హ్యాండ్‌ల కొనిచ్చిన మిషిన్ అది. క్లాసుల వీడియోలు, పాత ప్రశ్నపత్రాలు, సర్టిఫికెట్ల స్కాన్లు, చెల్లె పెండ్లి ఫోటోలు అన్నీ అండ్లనే ఉన్నయి.

"అన్నా, విండోస్ 10కు ఇగ అప్‌డేట్లు రావంటున్నది. షాపుకు కొంటవోతె ఇది విండోస్ 11కు పనికిరాదు, ఎంతకో కొంతకు ఇచ్చేసి కొత్తది తీస్కో అన్నరు. నాయిన్ని మళ్ల పైసలు అడగబుద్ధి అయితలేదు" అన్నడు.

తెరిచి చూసిన. కీబోర్డు మంచిగున్నది, స్క్రీన్ మంచిగున్నది, 8 జీబీ ర్యామ్ ఉన్నది. "నీ మిషిన్‌కు ఏ రోగం లేదు తమ్మీ. కంపెనీ క్యాలెండర్‌ల తారీఖు దాటింది, గంతే" అన్న. ఆ పూట ఇద్దరం కూసోని అదే ల్యాప్‌టాప్‌ల విండోస్ పక్కనే లినక్స్ ఎక్కించినం. విండోస్ పోలేదు, ఫోటోలు పోలేదు, పైస ఖర్చు కాలేదు.

అసొంటి ల్యాప్‌టాప్‌లు మన ఊర్లల్ల ఇంటికొకటి ఉన్నయి. గందుకే ఈ ముచ్చట మొదటి నుంచి చెప్తున్న. జర ఓపికతోని సదువుండ్రి.

అసలు ఏమైంది?

విండోస్ 10 వచ్చింది 2015 జులైల. 2025 అక్టోబర్ 14తోని దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు బంద్ వెట్టింది. అంటె ఆ రోజు మీ కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. ఇప్పుడు సుత నడుస్తది. కాకపోతే దొంగలు సొచ్చే కొత్త కంత దొరికితె దాన్ని పూడ్చేటోడు ఉండడు. మైక్రోసాఫ్ట్ ఖాతాతోని జోడించుకున్నోళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రత అప్‌డేట్ల గడువు పెంచిండ్రు. అది సుత గడువే, తొవ్వ కాదు.

మరి విండోస్ 11 ఎక్కించుకోవచ్చు గదా అంటరు. 2021 అక్టోబర్‌ల వచ్చిన ఆ సిస్టమ్‌కు టీపీఎం 2.0 అనే భద్రత చిప్ కావాలె. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగ 8వ తరం, అంటె 2017 చివర్ల నుంచి వచ్చినయి కావాలె. మీది ఏ తరమో చూసుకునుడు అల్కనే. ఐ5-6200యూ అని ఉంటే 6వ తరం. ఐ5-8250యూ అని ఉంటే 8వ తరం. మన దిక్కు సెకండ్‌హ్యాండ్‌ల తిరిగే ఆఫీసు ల్యాప్‌టాప్‌లల్ల చానా మట్టుకు 8 కంటె కిందివే.

గీడ ఇంకో కథ సుత ఉన్నది. మనోళ్లల్ల మస్తు మంది నడిపేది పైసలు వెట్టి కొన్న విండోస్ కాదు. "క్రాక్" చేసిన విండోస్. ఎవలో తెల్వనోడు తాళం పగులగొట్టి ఇచ్చిన ఇల్లు అది. తాళం పగులగొట్టినోడు ఎన్క దర్వాజ ఒకటి తనకోసం తెరిచి పెట్టుకోలేదని ఎవలు చెప్పాలె? అదే మిషిన్ల బ్యాంకు పాస్‌వర్డులు కొట్టుకుంట కూసుంటం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటె ఏంది?

కంప్యూటర్ల ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు ఇవన్ని సామాను. వీటన్నిటికి పనులు పంచి, ఏ ప్రోగ్రామ్‌కు ఎంత మెమరీ, ఎంత సేపు అని చూసుకునే పెద్దమనిషే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అసొంటి పెద్దమనుషుల్ల ఒకడు. వాడొక్కడే కాదు.

1991ల ఫిన్లాండ్ దేశంల, హెల్సింకి యూనివర్సిటీల చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల పిలగాడు లినక్స్ గుండెకాయ రాసుడు మొదలువెట్టిండు. అంతకు ముందే, 1983ల అమెరికాల రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించి, సాఫ్ట్‌వేర్ అంటె వాడుకునేటోనికి, చదువుకునేటోనికి, మార్చుకునేటోనికి, పంచుకునేటోనికి స్వేచ్ఛ ఉండాలె అన్నడు. ఈ రెండు కలిసి, ప్రపంచంల వేల మంది చెయ్యి వేసి తయారైనయే ఇయ్యాల మనం వాడే ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ లాంటి సిస్టమ్‌లు.

"లినక్స్ అంటె మాకు ఎరుక లేదన్నా" అనకుండ్రి. మీ జేబుల ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ గుండెకాయ లినక్సే. ప్రపంచంల అన్నిటికంటె జోరుగ లెక్కలు చేసే 500 సూపర్ కంప్యూటర్లు 2017 నుంచి అన్నీ లినక్స్ మీదనే నడుస్తున్నయి.

ఇది విత్తనం ముచ్చటనే

మన ఆర్మూర్ దిక్కు రైతు బిడ్డలకు దీన్ని చెప్పుడు అల్కనే. పసుపు తవ్వినంక మంచి కొమ్ము, మండ చూసి వచ్చే యేటి విత్తనానికి పక్కకు వెట్టుకుంటం. పక్క రైతు అడిగితె ఇస్తం. అది మన విత్తనం, ఎవన్ని అడిగేది లేదు. అదే హైబ్రిడ్ మక్క విత్తనం అయితే ఏటేటా ప్యాకెట్ కొనాలె. దాచుకుంటె మల్ల అట్ల పండది. అంకాపూర్ రైతులకు ఈ తేడా ఎవలు చెప్పే పని లేదు.

లినక్స్ పసుపు విత్తనం అసొంటిది. ఒక్కపారి తెచ్చుకుంటె పది మిషిన్లల్ల ఎక్కించవచ్చు, సోపతిగానికి ఇవ్వవచ్చు, దొంగతనం కాదు. విండోస్ ప్యాకెట్ విత్తనం. పంట మంచిగనే పండుతది, కాదన. కాని ఎప్పటిదాకా పండాలె అనేది కంపెనీ చేతుల ఉంటది.

ఈ పని మన తెలుగు నేల మీద సుత కొత్త కాదు. హైదరాబాద్‌ల పుట్టిన "స్వేచ్ఛ" సంస్థ 2005లనే డెబియన్‌ను పట్టుకొని మెనూలు, బటన్లు తెలుగుల ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. పిల్లల కోసం "బాలస్వేచ్ఛ" అని వేరే చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007ల "బాస్" అనే లినక్స్ విడుదల చేసింది. అండ్ల సుత తెలుగు ఉన్నది. పక్క రాష్ట్రాల దిక్కు చూస్తె, కేరళ 2001ల బడులల్ల కంప్యూటర్ చదువు మొదలువెట్టి, తర్వాత సర్కారు బడులన్నిట్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారింది. అక్కడి పిల్లలు ఇప్పుడు సుత ఉబుంటు మీద తయారు చేసుకున్న సొంత సిస్టమ్‌ల చదువుతున్నరు. ఊరి బడి పిలగాడు అక్కడ నేర్వంగ ఈడ మనం ఎందుకు నేర్వం?

మూడు తొవ్వలు

ఒక్క కంప్యూటర్‌ల ఒకటి కంటె ఎక్కువ సిస్టమ్‌లు నడిపేటందుకు మూడు తొవ్వలు ఉన్నయి.

మొదటిది, పెన్‌డ్రైవ్ తొవ్వ. లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేసుడు. డిస్క్‌ను ముట్టదు. పెన్‌డ్రైవ్ తీసి మల్ల ఆన్ చేస్తె మీ విండోస్ ఎప్పటి లెక్కనే ఉంటది. ఇది కౌలుకు ముందు పొయ్యి భూమి చూసివచ్చినట్టు.

రెండోది, అంతర పంట తొవ్వ. పసుపుల మక్క ఏస్తం గదా, ఒక్క సాలు భూమిల రెండు పంటలు ఒక్క తీరు నిలబడ్తయి. కంప్యూటర్ల దీన్ని వర్చువల్ మిషిన్ అంటరు. విండోస్ నడుస్తుండంగనే వర్చువల్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్‌ల కిటికీ లెక్క లినక్స్ నడుస్తది. నేర్చుకునేటందుకు మంచిగుంటది. కాని నీళ్లు, ఎరువు రెండు పంటలు పంచుకోవాలె. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషిన్ల రెండూ వాడిపోతయి.

మూడోది, గెట్టు తొవ్వ. డిస్క్‌ను నడుమ గెట్టు వెట్టి రెండు వాటాలు చేస్తం. ఒక వాటాల విండోస్, ఇంకో వాటాల లినక్స్. ఆన్ చేసినప్పుడు దర్వాజ కాడ ఒకడు నిలవడి "ఏ అర్రకు పోతవు?" అని అడుగుతడు. వాని పేరు గ్రబ్. మీరు ఏది అంటె అది తెరుస్తడు. ఒక్కపారికి ఒక్కటే నడుస్తది కాబట్టి, నడిచేదానికి ర్యామ్ అంతా దొరుకుతది. దీన్నే డ్యూయల్ బూట్ అంటరు. పాత మిషిన్లకు గిదే సరైన తొవ్వ.

గెట్టు వెట్టే ముందు పైలం

ఈడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలె. ఏండ్ల కింద, నాకు అంతా ఎరుకనే అనుకునే వయసుల, ఒక సోపతిగాని కంప్యూటర్‌ల లినక్స్ ఎక్కిస్తనని కూసున్న. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు బొత్తాలు వస్తయి. ఒకటి "పక్కన ఎక్కించు". ఇంకోటి "డిస్క్ అంతా తుడిచి ఎక్కించు". తొందరల రెండోది ఒత్తిన. వాళ్లమ్మ అంతకు ముందు యేడే చనిపోయింది. ఆమె ఫోటోలు అండ్లనే ఉండె. ఇంకో కాపీ యాడ లేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవుడే ఇప్పటికీ గుచ్చుతది.

గందుకే మొదటి మాట, నడుమ మాట, చివరి మాట ఇదే: ముందుగాల బ్యాకప్. సర్టిఫికెట్లు, ఫోటోలు, భూమి కాయితాల స్కాన్లు బయటి హార్డ్‌డిస్క్‌లనో, వేరే పెన్‌డ్రైవ్‌లనో పెట్టుకోండ్రి. పెట్టుకున్నంక దాన్ని ఇంకో కంప్యూటర్ల తెరిచి చూడుండ్రి. తెరువని బ్యాకప్ బ్యాకప్ కాదు.

రెండో పైలం, బిట్‌లాకర్. కొన్ని ల్యాప్‌టాప్‌లల్ల విండోస్ మనకు ఎరుక లేకుండనే డిస్క్‌కు తాళం వేసి ఉంటది. సెట్టింగ్స్‌ల చూసి, ఉంటె 48 అంకెల రికవరీ కీ కాయితం మీద రాసుకోండ్రి, లేకపోతే తాళం ముందే తీసేయుండ్రి. అది లేకుండ బూటు మార్పులు చేస్తె విండోస్ మిమ్ముల్నే లోపలికి రానియ్యదు.

మూడోది, ఫాస్ట్ స్టార్టప్ అనే సౌలత్ బంద్ చేయాలె. అది ఆన్ ఉంటె విండోస్ పూర్తిగ పండుకోదు, సగం కన్ను తెరిచే ఉంటది. అప్పుడు లినక్స్ నుంచి ఆ వాటాల ఫైల్ రాస్తె ఖరాబయ్యే ప్రమాదం ఉన్నది.

నాలుగోది, ఛార్జర్ పెట్టుకొనే కూసోండ్రి. గెట్టు జరుపుతుండంగ కరెంటు పోయి బ్యాటరీ దిగితె డిస్క్ ఆగమైతది.

ఇగ పని

వాటా విండోస్‌లకెళ్లే తియ్యాలె. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద ష్రింక్ వాల్యూమ్ అంటె, ఖాళీ జాగల నుంచి కొంత కోసి పక్కకు వెడ్తది. లినక్స్‌కు 20 జీబీ ఉన్నా నడుస్తది గాని, 50 నుంచి 100 జీబీ ఇస్తె సుకం. ఆ కోసిన జాగను అట్లనే ఖాళీగ వదిలేయుండ్రి. దానికి కొత్త డ్రైవ్ పేరు పెట్టకుండ్రి.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి సాలు. అండ్ల ఏమున్నా తుడిచిపెట్టుకుపోతది, ముందే తీసిపెట్టుకోండ్రి. కొత్తోళ్లకు నేను చెప్పేది లినక్స్ మింట్. విండోస్ అలవాటున్నోళ్లకు మెనూ, టాస్క్‌బార్ గడబిడ లేకుండ ఉంటది. ర్యామ్ 4 జీబీ లేకపోతే దాండ్లనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండ్రి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలె. ఎవలో టెలిగ్రామ్‌ల పెట్టిన లింకు వద్దు. దించుకున్న ఫైల్‌ను రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తోని పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యాలె. ఊకె కాపీ పేస్ట్ చేస్తె కాదు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయంగనే బూట్ మెనూ బొత్తాం ఒత్తాలె. డెల్, లెనోవోలల్ల చానా మట్టుకు ఎఫ్12. హెచ్‌పీల ఎఫ్9. ఏసస్ ల్యాప్‌టాప్‌లల్ల ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటె లినక్స్ తెర వస్తది. వెంటనే ఇన్‌స్టాల్ ఒత్తకుండ్రి. వైఫై వస్తున్నదా, సౌండ్ వస్తున్నదా, టచ్‌ప్యాడ్ నడుస్తున్నదా అన్నీ చూసుకోండ్రి. వైఫై రాకపోతే బెదురొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తోని జోడించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తె నెట్ వస్తది, దాంతోని డ్రైవర్ దించుకోవచ్చు.

అన్నీ మంచిగుంటెనే ఇన్‌స్టాల్. ఆ రెండు బొత్తాల కాడ ఆగి, "విండోస్ పక్కన" అన్నదే ఎంచుకోండ్రి. ఆ మాటనే కనవడకపోతే, లేకపోతే డిస్కే కనవడకపోతే, అంతటితోని ఆపేయుండ్రి. కొన్ని మిషిన్లల్ల డిస్క్ కంట్రోలర్ సెట్టింగ్ తేడా ఉంటది, దాన్ని ఇష్టమొచ్చినట్టు మారిస్తె విండోస్ లేవకుండ అయితది. ఎరుక ఉన్నోన్ని అడిగి చేసుకోండ్రి. ఎన్కకు వచ్చుడు నామోషి కాదు.

కొత్త మిషిన్ మీద రెండూ ఎక్కించేటట్టుంటె విండోస్ ముందు, లినక్స్ ఎన్క. ఎందుకంటె విండోస్ ఎక్కేటప్పుడు దర్వాజ కాడ తనే నిలవడుతది, పక్కోన్ని చూపియ్యదు. లినక్స్ ఎక్కేటప్పుడు ఇంట్ల ఇంకెవలున్నరో చూసి వాని పేరు సుత పట్టీల రాస్తది.

తర్వాత వచ్చే పేచీలు

మొదటిది గడియారం. లినక్స్ నుంచి విండోస్‌కు పోతే టైమ్ 5 గంటల 30 నిమిషాలు ఎన్కకు కనవడుతది. మిషిన్ ఖరాబ్ కాలేదు. లోపలి గడియారంల లినక్స్ లోక సమయం రాస్తది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటది. మన దేశ సమయం లోక సమయం కంటె ఐదున్నర గంటలు ముందు. గందుకే ఆ తేడా. లినక్స్‌ల గడియారాన్ని స్థానిక సమయానికి మార్చుకుంటె పేచీ పోతది. ఆన్‌లైన్ పరీక్షలు రాసేటోళ్లు, దరఖాస్తు చివరి తారీఖు చూసుకునేటోళ్లు దీన్ని మొదటి రోజే సరిచేసుకోవాలె.

రెండోది, ఒక పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత గ్రబ్ కనవడకపోవచ్చు, సీదా విండోస్ తెరుచుకుంటది. లినక్స్ పోలేదు. బయోస్‌ల బూట్ వరుస మారింది అంతే. అండ్లకు పోయి లినక్స్ పేరు పైకి తెస్తె చానా మట్టుకు సరి అయితది.

మూడోది, లినక్స్‌ల నుంచి విండోస్ వాటాల ఫైళ్లు కనవడ్తయి. విండోస్ నుంచి మాత్రం లినక్స్ వాటా కనవడది. రెండింటికి పనికొచ్చే ఫైళ్లు విండోస్ వాటాలనే, వేరే డ్రైవ్‌ల పెట్టుకోండ్రి. విండోస్‌ల ఆ తెల్వని వాటా కనిపించి "ఫార్మాట్ చేయాల్నా?" అని అడిగితె మాత్రం వద్దనుండ్రి.

విండోస్ ఎవలకు కావాలె?

లినక్స్ అన్నిటికి మందు అని నేను అనను. శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్ నడిపేటోళ్లకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కావాలె. అడ్తి దుకాండ్ల లెక్కలు టాలీల రాసేటోళ్లకు విండోస్ కావాలె. వేలిముద్ర మిషిన్లకు, డిజిటల్ సంతకం పరికరాలకు డ్రైవర్లు ఎక్కువ విండోస్‌కే వస్తయి. గందుకే గదా గెట్టు వెట్టమన్నది, మొత్తం దున్నేయమనలేదు. చదువు, నెట్, బ్యాంకు పని, తెలుగు రాత, కోడింగ్ ఇవి లినక్స్‌ల. ఆ ఒక్క పని కోసం విండోస్, అది సుత నెట్ బంద్ పెట్టి వాడుకుంటె మంచిది.

రాత పనికి లిబ్రెఆఫీస్ ఉన్నది, వర్డ్ ఫైళ్లు సుత తెరుస్తది. తెలుగు యూనికోడ్ కీబోర్డు సెట్టింగ్స్‌ల ఆన్ చేసుకుంటె సాలు. సర్వర్ల కొలువులకు, సైబర్ భద్రత కొలువులకు పోవాలనుకునేటోళ్లకు లినక్స్ ఎరుక ఉండుడు అక్కెరకొస్తది. ఆ చదువుకు కోచింగ్ ఫీజు లేదు. మీ ఇంట్ల పాత ల్యాప్‌టాపే బడి.

చివరి మాట

2019 ఎన్నికలు యాదున్నయా? పసుపు బోర్డు కావాలె, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలె అని మన రైతులు నిజామాబాద్ లోక్‌సభకు గుంపులు గుంపులుగ నామినేషన్లు వేసిండ్రు. బరిల మొత్తం 185 మంది నిలిచిండ్రు. ఓటు మిషిన్ల ఇంత మంది పట్టరు, కాయితం బ్యాలెట్ పెట్టాల్నేమో అన్నరు. చివరికి ఏమైంది? ఒక్కో పోలింగ్ బూత్‌ల 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగ జోడించి ఎన్నిక జరిపిండ్రు. మనుషులు తగ్గలేదు, మిషిన్‌నే మనుషులకు తగ్గట్టు పెంచిండ్రు.

మిషిన్ మన కోసం ఉండాలె, మనం మిషిన్ కోసం కాదు. "ఇది పనికిరాదు, కొత్తది కొనుండ్రి" అని ఎవలన్నా అంటె, ఎవలకు పనికిరాదు అని ఒక్కపారి అడుగుండ్రి. ఆ పిలగాని ల్యాప్‌టాప్ ఇప్పుడు ఆన్ చేస్తె రెండు పేర్లు కనవడ్తయి. రోజూ పైదే ఒత్తుతున్నడట. నాయిన్ని పైసలు అడిగే పని వడలేదు.

ఈ ఐతారం మీ ఇంట్ల అల్మారిల పండుకున్న ల్యాప్‌టాప్ బయటికి తీయుండ్రి. ముందుగాల బ్యాకప్. తర్వాత పెన్‌డ్రైవ్‌తోని చూడుండ్రి. నచ్చితెనే గెట్టు. నేర్చుకున్నంక ఊర్ల ఇంకొకరికి చెప్పుండ్రి, పసుపు విత్తనం ఇచ్చినట్టు.